తిప్పి అడగని ప్రశ్న

మార్చి 4

ఇంట్లో చెప్పలేనివి ఎక్కడో ఒకచోట కక్కకపోతే రేపు రోగుల మీద విసుక్కుంటాను. అందుకే ఈ డైరీ. ఎవరూ చదవరు కాబట్టి అక్షరాలు బాగుండక్కర్లేదు.

ఈరోజు మా విభాగం పెద్ద, మేడమ్ గదిలో కమిటీ మొదటిసారి కూర్చుంది. మాటకూ మింగడానికీ సంబంధించిన చికిత్సల్లో వచ్చే ఐదేళ్లూ ఏయే పరిశోధనలు ముందు చెయ్యాలో తేల్చడం దాని పని. రోగులనూ, వాళ్ల ఇంట్లోవాళ్లనూ, మాలాంటి థెరపిస్టులనూ ప్రశ్నలు పంపమంటాం. వచ్చినవాటిని కలుపుతాం, వడపోస్తాం, చివరికి అందరూ ఒక హాల్లో కూర్చుని పదింటిని ఎంచుతారు. ఆ పదింటికే నిధులు, గదులు, మనుషులు. పదకొండో ప్రశ్నకి ఒక నమస్కారం. నన్ను కార్యదర్శిని చేశారు. అంటే టీలు చెప్పడం నుంచి నివేదిక రాయడం దాకా నా నెత్తినే.

అందరూ వెళ్లాక గురువారం గుంపు సంగతి ఎత్తాను. పక్షవాతంతో మాట పోయినవాళ్లకి మా ఆసుపత్రిలో ఏడాదే చికిత్స. ఆ తర్వాత పేరు కొట్టేస్తారు. అలా కొట్టేసినవాళ్లలో ఆరుగురిని పోగేసి వారానికోసారి చివరి గదిలో కూర్చోబెడుతున్నాను. మేడమ్ ఇన్నాళ్లూ చూసీచూడనట్టు ఊరుకున్నారు. ఇప్పుడు ఆ గది వినికిడి పరీక్షల మిషన్‌కి కావాలట.

"ఏడాది దాటాక ఉపయోగం ఉంటుందనడానికి ఆధారం ఏదమ్మా?" అన్నారు.

"ఉండదనడానికీ ఆధారం లేదు మేడమ్. ఎవరూ చూళ్లేదంతే."

"అయితే అదే ప్రశ్నగా పంపించు. పదిలోకి వచ్చిందంటే పరిశోధన పేరు మీద ఆ గది ఐదేళ్లు నీదే. రాలేదనుకో, మళ్లీ నన్ను అడక్కూడదు."

ఆరుగురిలో మా బావ ఒకడు. ఆవిడకి తెలుసు.

మార్చి 10

ఆదివారం. అక్కా వాళ్లింటికి వెళ్లాను. బావ ప్రశ్న బావ చేతే చెప్పించాలని నా పంతం.

బావ కూరగాయల మార్కెట్లో వేలం పాడేవాడు. లారీల మధ్య పెట్టె మీదెక్కి గొంతెత్తాడంటే పక్క వీధిలో టీ తాగేవాళ్లు కూడా ఆరోజు టమాటా ధర చెప్పేసేవాళ్లు. అమ్మ పోయాక అక్క నన్ను తనింటికి తెచ్చుకుంది. నా చదువంతా ఆ గొంతు మీదే నడిచింది. ఇప్పుడు ఆ గొంతులో మిగిలినవి "అవును", "అదే మరి". ఇవి కాక అప్పుడప్పుడూ దానంతటదే దొర్లే వేలం మాట, "ఒకటోసారి, రెండోసారి." ఇంతే ఆస్తి.

చిక్కంతా ఆ అవునుతోనే. ఇలాంటివాళ్లకి కాదనాలనుకున్నా నోటికి అవునే వస్తుంది. అందుకని మా వృత్తిలో మొదటి రోజు చెప్పే పాఠం ఒకటుంది. ఒక్క అవునుని నమ్మొద్దు, తిప్పి అడుగు. "అన్నం తిన్నారా?" అంటే అవును. "ఇంకా తినలేదా?" అన్నా అవునే అంటే ఆ రెండూ చెల్లవు. బొమ్మలు పెట్టాలి, చేత్తో చూపించమనాలి, ఏదో ఒక దారి వెతకాలి.

ఈరోజు బల్ల మీద బొమ్మలు పరిచాను. తెరిచిన తలుపు, మూసిన తలుపు, మంచం, మార్కెట్, మా ఆసుపత్రి. బావ చాలాసేపు చూశాడు. ఆసుపత్రి బొమ్మ తీసి మూసిన తలుపు పక్కన పెట్టాడు. తన గుండె మీద తట్టుకున్నాడు. ఏమిటిది అన్నట్టు నా వైపు చెయ్యి తిప్పాడు.

"నన్నెందుకు బయటికి పంపేశారు అంటున్నారు," అంది అక్క వంటింట్లోంచి.

"నువ్వుండక్కా. నువ్వు చెప్పేస్తే అది బావ ప్రశ్న కాదు, నీ ప్రశ్న."

"ఇన్నేళ్లు ఆయన అరిచిందంతా విన్నాను. ఇప్పుడు అరవందీ వింటున్నాను. నీ బొమ్మలేం చెప్తాయే నాకు?"

నోట్లో నాలుక లేని మనిషని మా అక్కని ఎవరూ అనలేరు. నేను వినకుండా తిప్పి అడిగాను, బొమ్మలు మార్చి అడిగాను. చివరికి తేలింది అక్క చెప్పిందే. "నన్నెందుకు మధ్యలో ఆపేశారు? ఇంకా చేస్తే మాట వచ్చేదేమో కదా?" అలాగే రాసి పంపించాను.

వచ్చేటప్పుడు బావ గేటు దాకా వచ్చి నా భుజం తట్టాడు. పరీక్షలకి వెళ్లేటప్పుడు అలాగే తట్టేవాడు.

మార్చి 22

ప్రశ్నలు కుప్పలుగా వచ్చాయి. మాట ఉన్నవాళ్లు పేజీలకి పేజీలు రాశారు. మాట పోయినవాళ్ల దగ్గర్నుంచి వచ్చినవి మాత్రం వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. మాటతో పాటు రాతా పోయినవాళ్లని కాగితం మీద రాసి పంపమన్నాం మరి. ఇంతమంది చదువుకున్నవాళ్లం కూర్చుని చేసిన ఘనకార్యం ఇది.

మార్చి 29

బావ ప్రశ్న తిరిగొచ్చింది. "ఎందుకు ఆపేశారు" అనేది ఫిర్యాదు, పరిశోధన ప్రశ్న కాదు అన్నాడు మా లెక్కలాయన. ఓట్లూ మార్కులూ కూడి వరస కట్టే పని ఆయనది. సరే, నేనే దిద్దాను. "పక్షవాతం వచ్చిన ఏడాది తర్వాత కొనసాగించే మాట చికిత్స ఫలితమిస్తుందా?" ఆయన ఇంకా కదల్లేదు. ఎవరికి, ఎంతకాలం, దేనితో పోల్చి, ఎలా కొలిచి? కోడిగుడ్డుకి ఈకలు పీకడంలో ఆయన తర్వాతే ఎవరైనా. అవన్నీ చేర్చాను. ఇప్పుడు చాలా పెద్ద వాక్యం అయింది. ఒక్క తప్పు లేదు. బావ కూడా అందులో లేడు.

ఏప్రిల్ 5

చివరి సమావేశానికి రోగుల తరఫున బావని పిలుద్దామన్నాను. మేడమ్ వెంటనే ఒప్పుకున్నారు, నేనే ఆశ్చర్యపోయాను.

"కానీ నువ్వు ఆయన మరదలివి. ఆ హాల్లో ఆయన తరఫున నువ్వు నోరెత్తకూడదు. పక్కన సాయానికి మన జూనియర్ని కూర్చోబెడతాను. సరేనా?"

సంతకం పెట్టమన్నారు, పెట్టాను. సబబే కదా. నిజంగానే సబబు.

ఏప్రిల్ 11

గురువారం గుంపు. "టీ" అనిపించడానికి బావతో నానా తంటాలు పడ్డాను. కప్పు చూపించాను, మొదటి అక్షరం అందించాను, పాటలా పాడాను. అదే మరి, అన్నాడు. తర్వాత తనే నవ్వాడు. పేరు కొట్టేసినప్పటి నుంచి బావకి కొత్త మాట ఒక్కటీ రాలేదు. దీని గురించి ఇంకేమీ రాయను.

ఏప్రిల్ 17

జరిగింది జరిగినట్టు రాస్తాను.

బావ ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చాడు. అక్క మీసం కత్తిరించింది, ఒక పక్క కొంచెం ఎక్కువ పోయింది. తోడు వచ్చిన ఇంట్లోవాళ్లు బయట వరండాలో కూర్చోవాలన్నారు. లోపలికెళ్తూ బావ ఒకసారి వెనక్కి చూశాడు. అక్క వెళ్లమన్నట్టు చెయ్యి ఊపింది.

హాల్లో ఇరవైమందిదాకా ఉన్నాం. గోడ నిండా ప్రశ్నల అట్టలు. తలా కాసిని రంగు బిళ్లలు ఇచ్చారు, నచ్చిన ప్రశ్న కింద అంటించాలి. బావ తన బిళ్లలన్నీ తన ప్రశ్న కిందే అంటించబోయాడు. ఒకదానికి ఒకటే అని జూనియర్ అమ్మాయి మెల్లగా చెప్పింది. బావ మిగిలినవి జేబులో వేసుకున్నాడు. కొంచెం నవ్వులు.

మధ్యాహ్నానికి తొమ్మిది తేలాయి. పదో చోటుకి రెండు ప్రశ్నలు సరిసమానంగా నిలిచాయి. ఒకటి బావది. రెండోది ఒక పాప అమ్మది. ఆవిడ కూతురికి నత్తి. థెరపిస్టు దొరికేసరికి ఏడాది దాటుతోంది, ఈలోపు పిల్ల బడిలో నోరు విప్పడం మానేసింది. అలా ఆగిపోయిన పిల్లలకి ఏమవుతుందో చూడమని ఆవిడ ప్రశ్న. మంచి ప్రశ్న. ఎవరిని తీసెయ్యాలన్నా ఎవరికీ చేతులు రాలేదు.

అప్పుడు మేడమ్‌కి దారి దొరికింది. ఏడో చోట "సేవలు అందరికీ అందేలా చూడటం ఎలా" అని ఒక ప్రశ్న ఉంది. దాంట్లో ఏదైనా ఇముడుతుంది. బావ ప్రశ్నని అందులో కలిపేస్తే పదో చోటు పాపది అవుతుంది, ఎవరినీ తీసేసినట్టూ ఉండదు. హాలంతా ఊపిరి పీల్చుకుంది. భోజనాలు కూడా చల్లారుతున్నాయి.

మేడమ్ బావ దగ్గరికి వెళ్లి వంగారు. మాకు నేర్పినట్టే మెల్లగా, స్పష్టంగా, కళ్లలోకి చూస్తూ అడిగారు. "మీ ప్రశ్నని ఇందులో కలిపేద్దామా? మీకు ఇష్టమేనా?"

"అవును," అన్నాడు బావ.

చప్పట్లు కొట్టారు.

"ఒకటోసారి," అన్నాడు బావ.

అందరూ నవ్వారు. ఎగతాళిగా కాదు, ముద్దుగా. మేడమ్ కూడా నవ్వి ఆయన చెయ్యి పట్టుకున్నారు. బావ చుట్టూ చూశాడు. "ఒకటోసారి," అన్నాడు మళ్లీ, ఈసారి మార్కెట్ గొంతుతో. నవ్వులు ఇంకా పెరిగాయి. లెక్కలాయన అప్పటికే అట్ట తీసి ఏడో దాని కింద గుచ్చేశాడు.

వేలంలో ఒకటోసారి అంటే సరుకు ఇంకా ఎవరికీ పోలేదని. నాకు తెలుసు, ఆ ఇంట్లో పెరిగాను. కానీ ఇలా అలవాటు మీద దొర్లే మాటలకి అర్థం వెతక్కూడదని మా పుస్తకాల్లో ఉంది, నేనే జూనియర్లకి చెప్తాను. అందుకని నేనూ నవ్వాను.

హాల్లో మేడమ్ కాక ఏడుగురు థెరపిస్టులం ఉన్నాం. ఒక్కరైనా తిప్పి అడగలేదు. జూనియర్ అమ్మాయి నా వైపు చూసింది. నేను నా కాగితాల వైపు చూసుకున్నాను.

ఏప్రిల్ 18

అవునన్నాడు. అందరూ విన్నారు.

ఏప్రిల్ 19

నేను సంతకం పెట్టి ఉన్నాను. ఆయన తరఫున నోరెత్తకూడదు. తిప్పి అడగడమంటే ఒకరి తరఫున మాట్లాడటం కాదని ఎవరైనా అనొచ్చు. అనేవాళ్లు ఆ రోజు హాల్లో అనుంటే బాగుండేది.

అభ్యంతరాలు చెప్పడానికి నెలాఖరు దాకా గడువుంది. ఆదివారం బావని బొమ్మలతో సరిగ్గా అడుగుతాను. ఒప్పుకోలేదని తేలితే సోమవారం మేడమ్ దగ్గరికి వెళ్తాను. అంత కష్టమేం కాదు.

ఏప్రిల్ 21

వెళ్లాను. అడుగు లోపల పెట్టకముందే అక్క ఎదురొచ్చింది.

"ఆయన ప్రశ్న వచ్చిందటగా?"

"వచ్చిందక్కా. ఏడోదాంట్లో కలిసింది."

"ఏడోదా! పదిలో ఏడంటే మంచి చోటే కదే. నేను మార్కెట్లో అందరికీ చెప్పేశాను. పాత వేలంవాళ్లు ఇంటికొచ్చి చూసి వెళ్లారు. మీ బావ మొహం చూడాలి అప్పుడు." ఆ మాటలంటున్నప్పుడు అక్క గొంతులో నేను ఎన్నాళ్లుగానో వినని హుషారు. "మరి గురువారాలు ఆగవు కదా?"

"చూద్దాం," అన్నాను.

బొమ్మలు సంచిలోనే ఉన్నాయి. బావ కుర్చీలో కునుకు తీస్తున్నట్టు అనిపించింది. లేపడం ఎందుకని అడగలేదు. వచ్చే ఆదివారం అడుగుతాను.

ఏప్రిల్ 24

పాప అమ్మ ఆసుపత్రి మెట్ల దగ్గర ఆపింది. "మీ బావగారిది ఎంత పెద్ద మనసండీ. మా పాప కోసం తన ప్రశ్న వదులుకున్నారు. పాపని వాళ్లింటికి తీసుకెళ్లి ఆయన కాళ్లకి దణ్ణం పెట్టిస్తాను."

వద్దండీ, ఆయనకి మొహమాటం, అన్నాను. పాప తల్లి చెయ్యి పట్టుకుని నన్నే చూస్తోంది. బావ ప్రశ్న మళ్లీ పైకి తెస్తే కిందికి దిగేది ఈ పిల్లే. నాకు ఈ కారణం ఇదివరకు తట్టలేదు. మంచి కారణమే.

ఏప్రిల్ 26

వరండాలో మేడమ్ ఎదురయ్యారు. దాటి వెళ్లిపోయి మళ్లీ వెనక్కి వచ్చారు.

"ఆ రోజు మనం సరిగ్గానే చేశాం కదమ్మా?"

ఆవిడకీ తెలుసన్నమాట. నేను కాదంటే వినడానికి సిద్ధంగానే నిలబడ్డారు. అంతకంటే మంచి అవకాశం దొరకదు.

"అవును మేడమ్," అన్నాను.

ఏప్రిల్ 28

ఆదివారం. వెళ్లలేదు. తలనొప్పి.

ఏప్రిల్ 30

సాయంత్రంతో గడువు అయిపోయింది. ఇక రాసినా ఎవరికీ నష్టం లేదు.

సంతకం కాదు. పాపా కాదు. బావకి మాట వస్తుందని నాకే నమ్మకం లేదు. చాలా కాలంగా లేదు. గుంపు మొదలుపెట్టినప్పుడు కూడా లేదేమో. ప్రశ్న పదిలోకి వస్తే ఐదేళ్లు కొలవాలి. ప్రతి ఆరు నెలలకీ కొలవాలి. చివర్లో గ్రాఫులో ఒక గీత వస్తుంది, ఎక్కడ మొదలైందో అక్కడే ముగుస్తుంది, అందులో బావ ఉంటాడు. అది అక్కకి నేను చెప్పాలి. ప్రశ్నే లేకపోతే జవాబు చెప్పక్కర్లేదు. ఆ హాల్లో లెక్కలాయన అట్ట తీసినప్పుడు నా ప్రాణం హాయిగా ఉంది. ఛీ, అనుకుంటున్నాను. అయినా హాయిగానే ఉంది.

మే 2

జాబితా అచ్చయింది. చాలా అందంగా ఉంది. ఏడో ప్రశ్న కింద వివరణ ఒక పేరా. నేనే రాశాను. ఏడాది దాటినవాళ్ల ప్రస్తావన పెట్టాను, చోటు చాలడం లేదని లెక్కలాయన తీసేశాడు. నేను పట్టుబట్టలేదు.

మే 9

చివరి గురువారం. మిషన్ పెట్టెలు అప్పటికే గోడవారగా పేర్చేశారు. వాటి మధ్యలో కుర్చీలు వేసుకున్నాం. ఐదుగురికి వాళ్ల ఇంట్లోవాళ్ల ద్వారా చెప్పించాను. బావకి చెప్పలేదు. అక్క పెట్టెలు చూసి, "గది మారుస్తున్నారా?" అంది. నేను కుర్చీలు సర్దడంలో పడ్డాను.

"నిన్నే అడిగేది."

"ఇక లేదక్కా. ఆపేస్తున్నారు."

"పదిలో వచ్చిందన్నావు?"

"వచ్చింది. కానీ అందులో ఇది లేదు."

అక్క నా మొహంలోకి చూసి బావ వైపు తిరిగింది. బావ అందరికీ వరసగా చేతులు కలిపి వెళ్లాడు, వచ్చే వారం కలుద్దామన్నట్టు.

మే 12

బొమ్మలు తీసుకుని వెళ్లాను. ఇప్పుడెందుకో నాకే తెలియదు. గడువు దాటింది కాబట్టి భయం లేకపోవడం వల్ల కావచ్చు.

ఆసుపత్రి బొమ్మ, దాని పక్కన తెరిచిన తలుపు. ఇది నీ ప్రశ్న బావా, అన్నాను. ఇంకో పక్క మిగతా బొమ్మలన్నీ కుప్ప పోశాను. ఇవి అందరివీ. "నీది ఇందులో కలిపేద్దామా?" అని అడుగుతూ ఆసుపత్రి బొమ్మని కుప్ప కిందికి తోశాను.

"అవును," అన్నాడు బావ. అంటూనే చెయ్యి పెట్టి బొమ్మని బయటికి లాగాడు. తన ముందు పెట్టుకున్నాడు.

తిప్పి అడిగాను. "విడిగా ఉంచుదామా?" అవును. బొమ్మ మీదినుంచి చెయ్యి తియ్యలేదు. మళ్లీ కుప్పలోకి తోశాను. మళ్లీ లాగాడు. మూడోసారి నేను చెయ్యి చాపేసరికి నా మణికట్టు పట్టుకున్నాడు. ఆ చేతికి ఇంకా అంత బలం ఉందని నాకు తెలియదు.

అక్క వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచో.

"అంటే ఆరోజు ఈయన ఒప్పుకోలేదు."

నేను చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నువ్వక్కడే ఉన్నావు కదే."

"ఉన్నాను."

"ఇలా అడగడానికి ఎంతసేపు పడుతుంది?"

"రెండు నిమిషాలు."

తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే బాగుండేది, అక్క తిట్లకి నేను చిన్నప్పటి నుంచి అలవాటు పడ్డాను. అక్క వచ్చి బొమ్మలు ఒక్కొక్కటే ఏరింది. బావ చేతిలోది కూడా మెల్లగా విడిపించి తీసుకుంది. రబ్బరు బ్యాండు వేసి నా సంచిలో పెట్టింది.

"ఇంకెప్పుడూ మీ బావని ఏమీ అడక్కు," అంది. గట్టిగా కూడా అనలేదు.

మే 19

వెళ్లలేదు.

మే 26

వెళ్లాను. అక్క తలుపు తీసింది, మామూలుగానే. టీ ఇచ్చింది, పంచదార సరిపోయిందా అంది. సరిపోయిందన్నాను.

బావ నన్ను చూడగానే పక్క కుర్చీ చూపించాడు. కూర్చున్నాను. కాసేపటికి నా వైపు వంగి, "అదే మరి," అన్నాడు. కిటికీ వైపు చెయ్యి చూపించాడు. "అదే మరి. అదే మరి." కిటికీ అవతల వీధి ఉంది, గేటు ఉంది, ఎవరిదో ఆగిన ఆటో ఉంది, ఆకాశంలో మబ్బు ఉంది. ఇదివరకైతే ఒక్కొక్కటే అడుగుతూ, తిప్పి అడుగుతూ, దేని గురించో పట్టుకునేదాన్ని. ఎంతసేపు పట్టినా ఇద్దరం వదిలేవాళ్లం కాదు. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అక్క వింటోంది.

నేను టీ తాగుతూ కూర్చున్నాను. ఏమిటి బావా అని అడుగుతానని బావ చాలాసేపు నా మొహంలోకి చూశాడు. తర్వాత చెయ్యి దించేశాడు.